రంగు చెప్పే పిల్ల

ఓజ్బాల్ట్ తాత కళ్ళు సున్నమే తీసుకుపోయింది.
తడిపే గోతిలోంచి ఎగిరిన ఒక చుక్క కుడి కంటిని,
రెండేళ్ళ తర్వాత ఇంకో చుక్క ఎడమ కంటిని.
అయినా సూహా క్రాయినా పల్లెల్లో
ఆవం పేర్చాలంటే ఆయన్నే పిలిచేవాళ్ళు.
రాయిని చేత్తో తడిమి, సుత్తితో ఓసారి తట్టి,
ఇది కాలుతుంది, ఇది పగులుతుంది,
ఇది తీసుకెళ్ళి గడప కింద వేసుకో అనేవాడు.

ఆయనకు అందనిది ఒక్కటే, మంట రంగు.
దానికి నన్ను పెట్టుకున్నాడు.
నాకు తొమ్మిదేళ్ళు.
కూలి, సున్నం తడిపే నాడు
ఆ వేడిలోనే ఉడికే ఒక కోడిగుడ్డు.

కొండవాలు తవ్వి గుండ్రంగా కట్టేవాళ్ళు.
మట్టి అద్దకుండా, బంక పుయ్యకుండా
రాయి మీద రాయి లోపలికి వాల్చుకుంటూ
పై దాకా తెచ్చిన గుమ్మటం.
పన్నెండిళ్ళ వాళ్ళు చలికాలమంతా నరికి
ఎవరి వంతుకు వాళ్ళు గుర్తు చెక్కిన బీచ్ కట్టెలు.
ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు
మేత ఆపితే ఊరుకోని నోరు.

మొదట పొగే. నల్లగా, తడిగా,
రాళ్ళకు చెమట పట్టినట్టు.
"ఏ రంగు, యెరిట్సా?"
ఎరుపు.
"ఎరుపంటే? ఎరుపులు వంద."
కోడిపుంజు జుట్టు ఎరుపు.
తల ఊపి, రెండు కట్టెలు ఎక్కువ వెయ్యమనేవాడు.
నాలుగో రోజు, గుమ్మడికాయ లోపలి రంగు.
ఇంకా వెలిగితే తేనె.
"చివరికి నీలం అంచు వస్తుంది," అన్నాడు,
"పొగ కనపడదు.
ఆవం పైనుంచి చూస్తే నక్షత్రాలు వణకాలి.
అది చెప్పు చాలు."

ఆరో రాత్రి
బక్‌వీట్ సంకటి కడుపులో బరువుగా ఉంది.
తాత చొక్కా నా మీద కప్పి ఉంది.
వీపు చలికి, మొహం మంటకి.
రెప్పలకు ఇసుక కట్టినట్టు నిద్ర.
"ఏ రంగు?"
నీలం, అన్నాను.
"నక్షత్రాలు?"
వణుకుతున్నాయి, అన్నాను.
ఆకాశం నిండా మబ్బు.

కట్టెలు వేస్తున్న పొలోనా నా వైపు చూసింది.
రెండో కట్టె చేతిలోనే ఉంది.
మీఖా కూడా చూశాడు.
ఇద్దరూ ఏమీ అనలేదు. వాళ్ళకూ నిద్రే.
తాత కాసేపు ముక్కుతో గాలి పీల్చాడు,
ఏదో వెతుకుతున్నట్టు.
తర్వాత నా మాటే తీసుకున్నాడు.
"మూసెయ్యండి."

ఐదు రోజులు చల్లారాక తెరిచారు.
అంచు రాళ్ళు వెన్నలా తెల్లగా, తేలిగ్గా,
తడితే పెంకు మోత.
గోతిలో నీళ్ళు పోయగానే బుస్సున పొంగి
పువ్వుల్లా విచ్చుకున్నాయి.
నడిమి రాళ్ళు మాత్రం
ఉలకలేదు, పలకలేదు,
నీళ్ళ అడుగున గేదెల్లా పడుకున్నాయి.

తాత ఒకటి తీసి అరచేతిలో తూచాడు.
చాలాసేపు తూచాడు.
"బరువు దిగలేదు," అన్నాడు.
అంతే.
తడుముకుంటూ వచ్చి నా గుడ్డు నాకిచ్చాడు.
పెంకు ఒలిస్తే పచ్చసొన వేళ్ళ మీదుగా కారింది.
నిలబడి తినేశాను.

ఆ ఏడు అందరికీ సున్నం తక్కువ పడింది.
పొలోనా ఇంటికి వీధి గోడ ఒక్కటే తెల్లబడింది,
తక్కిన మూడూ బూడిద రంగులోనే చలికాలం గడిపాయి.
అటు వెళ్ళాల్సి వస్తే
నేను వీధి వైపు నుంచే వెళ్ళేదాన్ని.

మరుసటి వసంతంలో
మా తలుపు మీద కర్ర చప్పుడు.
అమ్మ నా పేరు పిలవకముందే
బూట్లు వేసుకున్నాను.

ఏడో రాత్రి దాటింది.
మీఖా ఆవలిస్తూ, "నీలమే కదే, చెప్పెయ్," అన్నాడు.
"ఏ రంగు, యెరిట్సా?"
ఇంకా తేనే, అన్నాను.
పొలోనా ఇంకో కట్టె వేసింది.
"ఏ రంగు?"
తేనే.